ఏడేళ్లుగా 486లో ఫ్లాష్ కార్డు: నా అనుభవం

నాన్నగారి షాపు లెక్కలున్న 486 డీఎక్స్2 అనే 1990ల నాటి కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ గరగరలాడి ఆగిపోయింది. ఫ్లాపీల్లో బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం. దాని చోట కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డు, దాన్ని హార్డ్ డిస్క్ కేబుల్‌కి కలిపే ఐడీఈ అడాప్టర్ పెట్టాను. ఏడేళ్లలో ఒక్క ఫైలూ పోలేదు. మొదటి వారం మాత్రం చుక్కలు చూపించింది.

ముందు 2 జీబీ కార్డు కొన్నాను. కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కుని గుర్తించే బయోస్‌కి కనిపించింది 504 ఎంబీనే. అందులో ఎల్‌బీఏ, అంటే సెక్టార్లను వరుస నంబరుతో గుర్తించే పద్ధతి, లేదు. డిస్కులో ప్రతి చోటునీ సిలిండర్, హెడ్, సెక్టార్ అనే మూడు అంకెలతో గుర్తిస్తుంది. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, అంతే దాని లెక్క. సరే అని 512 ఎంబీ కార్డు తెచ్చాను. దాని జామెట్రీ, అంటే ఆ మూడు అంకెలు, 993, 16, 63; సిలిండర్లు 1024 దాటలేదు. అచ్చంగా సరిపోయింది.

అయినా బూట్ కాలేదు. పార్టిషన్ (కార్డులోని చోటును భాగాలుగా విభజించడం) ల్యాప్‌టాప్‌లో చేసి తేవడమే కారణం. కార్డు మొదటి సెక్టార్‌లో ఉండే పార్టిషన్ టేబుల్‌లో ప్రతి పార్టిషన్‌కీ రెండు రకాల అడ్రసులుంటాయి: వరుస సెక్టార్ నంబరు ఒకటి, సిలిండర్-హెడ్-సెక్టార్ ఒకటి. కొత్త సిస్టమ్‌లు మొదటిది చూస్తాయి, పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌ని మొదలుపెట్టే బూట్ కోడ్ రెండోదాన్ని నమ్ముతుంది. ల్యాప్‌టాప్ 255 హెడ్ల లెక్కన 2048వ సెక్టార్‌ని హెడ్ 32, సెక్టార్ 33 అని రాసింది. నా 486కి ఉన్నవి 0 నుంచి 15 వరకే. లేని హెడ్‌ని ఎక్కడ వెతుకుతుంది, పాపం! అదే సెక్టార్ దాని లెక్కలో సిలిండర్ 2, హెడ్ 0, సెక్టార్ 33.

అందుకే పార్టిషన్ ఎప్పుడూ కార్డు పనిచేయబోయే మెషీన్‌లోనే చేయండి. ల్యాప్‌టాప్‌లో మొదటి సెక్టార్ సున్నాలతో తుడిచేసి, 486ని ఫ్లాపీతో బూట్ చేసి ఎఫ్‌డిస్క్ (పార్టిషన్ చేసే డాస్ కమాండ్), ఫార్మాట్ నడిపాను. పావుగంటలో డాస్ సిద్ధమైందని చెప్పే సీ ప్రాంప్ట్ వచ్చింది. ఆ రోజు సంతోషం అంతా ఇంతా కాదు. స్క్రీన్ మీద కర్సర్ ఒక్కటే మెరుస్తుంటే బూట్ కోడ్‌ని మళ్లీ రాసే ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్ కొట్టి చూడండి. బయోస్ పరిమితి దాటించడానికి వేసే ఓవర్‌లే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత డిస్కుల మీద మాత్రం వద్దు, డేటా అందకుండా పోతుంది.

తర్వాత నెట్‌వర్క్ కార్డు మీది ఖాళీ రోమ్ సాకెట్‌లో (చిప్ గుచ్చే చోట) పెద్ద డిస్కుల్నీ గుర్తించే ఎక్స్‌టీ-ఐడీఈ యూనివర్సల్ బయోస్ పెట్టాను. ఇది ఉచితం. ఇప్పుడు 4 జీబీ కార్డు కూడా పూర్తిగా కనిపిస్తుంది. డాస్ ఫైళ్లు దాచుకునే ఫ్యాట్16 పద్ధతిలో ఒక్కో పార్టిషన్ పరిమితి 2 జీబీ కాబట్టి రెండు పార్టిషన్లు చేశాను. పాత 512 కార్డు కూడా ఏ మార్పూ లేకుండా చదివింది.

శబ్దం లేదు, వేడి లేదు. బ్యాకప్‌కి కార్డు తీసి రీడర్‌లో పెడితే చాలు. పవర్ ఆపకుండా మాత్రం తీయకూడదు.