బరంపురం కౌన్సెలింగ్ కేంద్రం: నాలుగుసార్లు వెళ్లాక నా మాట

బడా బజారులో మాది పట్టుచీరల కొట్టు. ఇరవై ఏళ్లుగా గల్లాపెట్టె దగ్గర నేనే. మెట్లెక్కి వచ్చిన వారితో ఒడియాలోనో తెలుగులోనో రెండు మాటలు కలపనిదే నాకు తోచదు. నిర్ణయాలూ అప్పటికప్పుడే. పోయిన ఠాకురాణి జాతరకు అలాగే ఒక్క పూటలో మాట ఇచ్చి, అప్పు మీద సరుకు దింపుకున్నాను. సగం అలమరలోనే ఉండిపోయింది.

దిగులుపడిన మనిషి మూల కూర్చుంటాడంటారు. నేను ఇంకా ఎక్కువ మాట్లాడాను. పిలిచిన ప్రతి పేరంటానికీ వెళ్లాను, అక్కర్లేని గిన్నెలు కొన్నాను, రాత్రి పదింటికి ఇంటిల్లిపాదినీ గోపాల్‌పూర్ సముద్రానికి బయలుదేరదీశాను. తిరిగొచ్చి దీపం ఆర్పాక మాత్రం కొట్టు మూతపడినట్టు, పిల్లలు దూరమైనట్టు ఒకటే ఆలోచనలు. మా వదినకు చెబితే, "పదిమందిని నవ్వించేదానివి, నీకు దిగులేమిటి?" అంది.

పాత బస్టాండు దగ్గరి ఈ కేంద్రంలో మేడమ్ మొదట అడిగింది ఇదీ: "ఈ నెలలో మీరు ఒంటరిగా గడిపిన గంటలెన్ని?" లెక్క వేస్తే నిద్ర తప్ప ఏమీ తేలలేదు. జనంలో తిరగడం నా బలమే కానీ, అప్పు నుంచి పారిపోయే దారి కూడా అదే అయిందని అప్పుడు అర్థమైంది.

మనసు మొగ్గు బయటికా, లోపలికా అని 1921లో కార్ల్ యుంగ్ చెప్పినదాని మీద ఇసబెల్ మయర్స్, ఆమె తల్లి కేథరిన్ బ్రిగ్స్ 16 రకాల స్వభావాలు తేల్చే ప్రశ్నావళి తయారుచేశారు. మేడమ్ నాకు ఇచ్చింది అదే. జనంలో తిరుగుతూ అప్పటికప్పుడు నిర్ణయించే నావంటి వారికి ఒత్తిడి ముదిరితే, ఎన్నడూ పట్టించుకోని రేపటి రోజే భూతమై కూర్చుంటుందని ఆ సిద్ధాంతం చెబుతుందట. మళ్లీ జవాబులు రాస్తే రకం మారిపోవచ్చనీ, ఇది రోగనిర్ధారణ కాదనీ మేడమే చెప్పడం నాకు నచ్చింది.

ప్రశ్నలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివించుకుని జవాబు చెప్పాను. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో ఇది పెద్ద లోటు. సమయానికి వెళ్లినా గంటసేపు కూర్చోబెట్టారు.

రెండోసారి 20 నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. చెప్పగానే మార్చారు: కొట్టు తెరవకముందు అరగంట నడక, నడుస్తూ నాలుగు అంకెలు ఊపిరి పీల్చి ఆరు అంకెలు వదలడం. నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. పదిమందితో కబుర్లకు బదులు ఒక్కరికి ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. అప్పు లెక్కంతా కాగితం మీద రాసి మా ఆయన ముందు పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇప్పుడు సరుకు బేరం ఎంత బాగున్నా ఒక రాత్రి ఆగి జవాబు చెబుతున్నాను.

45 నిమిషాలకు 500 రూపాయలు. అంత పెట్టలేనివారు 14416కు ఫోను చేయవచ్చు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ సేవ 24 గంటలూ ఉచితం. నాకు మాత్రం ఎదురుగా మనిషి ఉండాలి. వచ్చే శనివారం అయిదోసారి వెళ్తున్నాను.