మందు మానడానికి పొడి: గ్లుటామిన్, ఎన్‌ఏసీ, టారిన్ మూడేళ్లు వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, ఈ పొడి నన్ను తాగుడు మాన్పించలేదు. మాన్పించిందని మా మేనల్లుడు ఇప్పటికీ కనబడ్డ వాళ్లందరికీ చెబుతుంటాడు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఉన్నది మహారాష్ట్రలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. దానివల్ల నాకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. గోదావరి అవతల తెలంగాణ, తెలంగాణలో వైన్స్. ఒకప్పుడు పడవ కోసం ఎదురుచూసేవాళ్లం, కాళేశ్వరం వంతెన పడ్డాక అది కూడా లేకుండా పోయింది. ఎండాకాలం ఇప్పపువ్వు రాలిందంటే నది దాటే పని కూడా ఉండదు.

నేను తునికాకు కల్లాల్లో లెక్కలు రాస్తాను. ఏప్రిల్, మే నెలల్లో పని, దాని వెనకే పైసలు, పైసల వెనకే సీసా. మామూలు రోజుల్లో రెండు క్వార్టర్లు, సీజన్‌లో మూడు. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుందని తర్వాత డాక్టరమ్మ లెక్క వేసి చూపించింది. లక్షల ఆకులకు లెక్క రాసినవాణ్ణి, ఈ ఒక్క లెక్క మాత్రం పదిహేనేళ్లు వేయలేదు.

2021 దసరా దాటాక హైదరాబాద్‌లో జిమ్‌కు వెళ్లే మేనల్లుడు ఒక డబ్బా తెచ్చాడు. ఎల్-గ్లుటామిన్ అనే అమైనో ఆసిడ్ (ప్రొటీన్‌లో ఉండే పదార్థం) పొడి, 250 గ్రాములు. "మామా, ఇది కండలకే అనుకోకు. మందు మీదికి మనసు పోనియ్యదట, వీడియోలో చూసిన" అన్నాడు. నేను ఆ రోజే సీసా పక్కన పెట్టేసి మూడు పూటలా మూడు చెంచాలు తాగాను. మరుసటి రోజు చేతులు వణికాయి, చలికాలంలో బనియను తడిసేంత చెమటలు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. నాకేమీ యాది లేదు, నాలుక కొరుక్కున్న నొప్పి మాత్రం వారం రోజులు ఉంది. ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడట. తెల్లారేసరికి నన్ను జీపులో వేసుకుని వంతెన దాటించారు.

వరంగల్‌లో నర్సు అడిగిన మొదటి ప్రశ్న: "రోజూ మందు వేసుకుంటాడా?" మా ఆవిడ కంగారులో "ఏ మందమ్మా, డబ్బాలో ఉన్నదా, సీసాలో ఉన్నదా?" అంది. నిజానికి ఆ రెండింటి మధ్య ఉన్న గందరగోళమే నన్ను ఆ మంచం మీదకు తెచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది ఇది. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదిరి, లేని మనుషులు కనిపిస్తారు. ప్రాణం కూడా పోవచ్చు. దానికి క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ దింపుతారు. ఇంకొకటి, తాగేవాడి ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట. మా ఆర్‌ఎంపీ చేసింది సరిగ్గా అదే. నా అదృష్టం బాగుంది, అంతే.

కాబట్టి డబ్బా మీద ఏం రాసి ఉన్నా, వీడియోలో ఎవరేం చెప్పినా, తాగుడు ఆపే మొదటి వారంలో ఏ అమైనో ఆసిడ్ పొడీ రక్షణ కాదు. ఆ వారం డాక్టర్ చేతిలో గడవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 అని ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది.

ఇక పొడి సంగతి. పది రోజులు దవాఖానాలో ఉండి ఇంటికొచ్చాక సగం డబ్బా నన్ను చూస్తూ కూర్చుంది. పారేయబుద్ధి కాలేదు, ఎనిమిది వందలు పైబడిన సరుకు. ఫోన్‌లో డాక్టరమ్మను అడిగాను. లివర్ గట్టిపడలేదు, కిడ్నీలు బాగున్నాయి, కావాలంటే వాడుకో, నేను రాసిన మాత్రలు మాత్రం ఒక్కటీ మానకు అంది. అసలు ఈ గ్లుటామిన్ కథ ఎక్కడ మొదలైందో కూడా ఆమే చెప్పింది. 1950లలో టెక్సస్ యూనివర్సిటీలో రోజర్ విలియమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఎలుకల ముందు నీళ్లు, ఆల్కహాల్ కలిపిన నీళ్లు పెట్టి చూసింది. గ్లుటామిన్ ఇచ్చిన ఎలుకలు తక్కువ తాగాయని 1955లో ప్రకటించారు. ఇప్పటికీ డబ్బాలు అమ్మేవాళ్లు చెప్పే మాటలకు మూలం ఎక్కువగా అక్కడే ఉంది. మనుషుల మీద జరిగినవి చిన్నవి, పాతవి. "నువ్వు ఎలుకవు కాదు గదా" అని నవ్వింది.

గ్లుటామిన్ వాడకం ఇలా సాగింది. చెంచాకు 5 గ్రాములు, పొద్దున పరగడుపున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. రుచి దాదాపు లేదు, పూర్తిగా కరగదు, గ్లాసు అడుగున సుద్దలా మిగులుతుంది. కలిపి ఉంచకూడదు, వేడి చాయ్‌లో వేయకూడదు, చెడిపోతుంది. వర్షాకాలం మూత సరిగ్గా పెట్టకపోతే గడ్డ కడుతుంది. మూడు చెంచాల లెక్కన డబ్బా పదహారు, పదిహేడు రోజులే వస్తుంది. ఒకసారి ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిందని తెప్పిస్తే తీయగా ఉంది. అందులో ఏం కలిపారో ఆ అమ్మినవాడికే తెలియాలి. అప్పటి నుంచి డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్స్ నంబర్ లేనిదే తీసుకోలేదు.

పనిచేసిందా? మొదటి మూడు నెలలు పని చేసిందనే నమ్మాను. సాయంత్రం ఆరు దాటాక నాలుక పీకడం, ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడడం, బెల్లం డబ్బా వెతుక్కోవడం, ఇవన్నీ గ్లాసు తాగిన అరగంటకు తగ్గినట్టే ఉండేది. రక్త పరీక్షలు కూడా దాని పక్షానే సాక్ష్యం చెప్పాయి. దవాఖానాలో చేరిన రోజు నా జీజీటీ, అంటే తాగుడుకు పెరిగే లివర్ అంకె, 312. ఆరు వారాలకు 96, నాలుగు నెలలకు 41. మేనల్లుడు ఆ రిపోర్ట్ ఫోటో తీసుకుని వాళ్ల జిమ్ మొత్తానికీ చూపించాడు. డాక్టరమ్మ మాత్రం తాగడం ఆపితే రెండు మూడు వారాలకోసారి అది సగానికి పడుతుందని, పొడి లేకపోయినా ఇలాగే వచ్చేదని చెప్పింది. నేనూ తర్వాత ఇంటికొచ్చి లెక్క వేశాను. సగానికి సగం, మళ్లీ సగం, ఆరు వారాల అంకెకు దాదాపు దగ్గరగా వచ్చింది.

2022 మే నెలలో కల్లం పైసలు చేతికొచ్చిన రోజు తాగాను. పొద్దున చెంచా పడింది, మధ్యాహ్నం చెంచా పడింది, సాయంత్రం వంతెన దాటాను. పొడి ఆపలేదు. దీని గురించి ఇంతకంటే రాయాలని లేదు.

అసలు విషయం తేలింది ఆ ఏడాది జూలైలో. గోదావరి, ప్రాణహిత రెండూ ఒక్కసారి పొంగాయి. కింద భద్రాచలంలోనే 71 అడుగులు దాటిన వరద అది, మా దగ్గర ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. దారులు మూసుకుపోయాయి, నా పార్సెల్ ఎక్కడో ఆగిపోయింది. మాత్రలు నెలకు సరిపడా ఉన్నాయి, పొడి లేదు. నాకు టెన్షన్ మొదలైంది. మా ఆవిడ ఆరు కొట్టగానే అదే స్టీలు గ్లాసులో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి చేతికిచ్చింది. తాగాను. అరగంటకు మనసు కుదుటపడింది. మరునాడు కూడా అంతే. ఐదు వారాలు గ్లుటామిన్ ఒక్క గ్రాము లేకుండా గడిచాయి, సాయంత్రాలు మునుపటిలాగే ఉన్నాయి. పదిహేనేళ్లు ఆరింటికి ఒక గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇది. దానికి కావలసింది గ్లాసేమో. పక్కన మా ఆవిడ వచ్చి కూర్చోవడం కూడా ఉంది, అది ఏ డబ్బాలోనూ రాదు.

వరద తగ్గాక మళ్లీ వాడాను, అయితే రోజుకు ఒక్క చెంచా. నిజం చెప్పాలంటే అలవాటు కొద్దీ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎన్‌ఏసీ (ఎన్-అసిటైల్ సిస్టీన్) 600 మిల్లీగ్రాముల నురగ మాత్రలు: గళ్ల పలచబడడానికి ఛాతీ డాక్టర్లు రాసేవి ఇవే, పారాసిటమాల్ విషం ఎక్కినప్పుడు విరుగుడు కూడా ఇదే. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో, అంటే తాగుడువల్ల లివర్ వాచే రోగంలో, స్టెరాయిడ్‌తో కలిపి నరం ద్వారా ఇచ్చి చూశారు, మొదటి నెలలో చావులు తగ్గాయి, ఆరు నెలల దగ్గర తేడా నిలబడలేదు. ఆ రోగం వేరు, నా పరిస్థితి వేరు. నాలుగు నెలలు వాడాను, కుళ్లిన గుడ్డు వాసన, కడుపులో మంట, ఇంకేమీ తెలియలేదు. టైరోసిన్ అనే ఇంకో అమైనో ఆసిడ్ వాడింది వారమే, గుండె దడ పుట్టి మానేశాను, అసలే బీపీ మనిషిని. 5-హెచ్‌టీపీ (ఒంట్లో సెరటోనిన్‌గా మారే పదార్థం) మేనల్లుడు పంపితే సీల్ కూడా తీయలేదు. అప్పటికే నేను డిప్రెషన్‌కు సెర్‌ట్రాలిన్ వాడుతున్నాను, రెండూ కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా వద్దంది. అలాంటి మాత్రలు వాడేవాళ్లు ఈ ఒక్క వాక్యం మాత్రం మళ్లీ చదవండి.

టారిన్ గురించి కొంచెం ఆగాలి. ఎద్దు పిత్తంలో 1827లో కనిపెట్టినందుకు దానికి ఆ పేరు, ఇప్పుడు ఎనర్జీ డ్రింకుల్లో పోస్తున్నారు. క్యాప్సూళ్లు మూడు నెలలు మింగాను, ఏ తేడా లేదు. విచిత్రం ఏమిటంటే దాని దగ్గరి చుట్టం హోమోటారిన్, ఆ హోమోటారిన్ నుంచి తయారైనదే తాగాలన్న కోరిక తగ్గడానికి నాకు డాక్టరమ్మ మొదటి నుంచి రాసిన అకాంప్రోసేట్. అమెరికాలో 2004లో అనుమతి పొందిన మందు, పెద్ద పరీక్షలు దాటి వచ్చినది. 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు, రోజుకు ఆరు. కిడ్నీ పరీక్ష చేశాకే ఇస్తారు. నాకు మొదట్లో విరేచనాలు పట్టుకున్నాయి, రెండు వారాలకు సర్దుకుంది. అంటే నేను డబ్బాల్లో వెతుకుతున్న వస్తువు నా మాత్రల కవర్‌లోనే ఉంది. మే నెల రాత్రికి ముందు వారం రోజులుగా ఆ ఆరు మాత్రలు నేను సరిగ్గా వేసుకోలేదు. కల్లంలో భోజనానికే టైం లేదు, మాత్రలెక్కడివి అనుకున్నాను అప్పట్లో.

లివర్ బాగున్నవాడు, మొదటి వారం డాక్టర్ దగ్గర గడిపినవాడు, మాత్రలకూ తిండికీ పోను పైసలు మిగిలినవాడు గ్లుటామిన్ కొనుక్కుంటే నేను వద్దనను. నెలకు పదిహేను వందల గ్లాసు అది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పెరుగు తెచ్చుకుంటే అందులోనూ ఇవే అమైనో ఆసిడ్లు ఉంటాయి. తాగినన్నాళ్లూ నేను సరిగ్గా తిన్నదే లేదు గదా.

లివర్ బాగాలేనివాళ్లు మాత్రం దీన్ని ముట్టుకోకండి. నా మాట విని మా వాడకట్టులో, వరుసకు చిన్నాయన అవుతాడు, ఆయన కూడా మొదలుపెట్టాడు. ఆయనకు పొట్టలో నీళ్లు చేరిన సంగతి నాకు తెలుసు. అయినా వద్దనాలని తట్టలేదు. మూడో వారం పగలంతా మగతగా పడుకోవడం, రాత్రి మేలుకుని కొడుకును గుర్తుపట్టకపోవడం మొదలైంది. గ్లుటామిన్ ఒంట్లో విరిగితే అమ్మోనియా వస్తుంది, పాడైన లివర్ దాన్ని శుభ్రం చేయలేదు, అది మెదడుకెక్కుతుంది అని డాక్టర్లు చెప్పారు. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు కాబట్టి దానివల్ల కూడా కావచ్చు, ఇదే కారణమని తేల్చలేం అని కూడా అన్నారు. లివర్ రోగుల్లో కొందరికి డాక్టర్లే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ ఉన్న పొడి రాస్తారు. అవీ అమైనో ఆసిడ్లే, డబ్బా చూడడానికి ఒకేలా ఉంటుంది, లోపలి సరుకు వేరు. చిన్నమ్మ అదే ఇదనుకుంది.

చిన్నాయన తేరుకుని ఇంటికొచ్చాడు. "నీకు మంచిగనే పనిచేసింది గదరా, నాకెందుకిట్లయింది" అని అడిగాడు. నాకు కూడా పనిచేయలేదు చిన్నాయనా అని అప్పుడే మొదటిసారి పైకి అన్నాను. ఆయన ఇంట్లో మిగిలిన సగం డబ్బా నేనే తీసుకొచ్చాను. వాడలేదు, ఎవరికీ ఇవ్వలేదు, అటక మీద ఉంది.