ఆగస్టులో మోంటానా ట్రౌట్ నదులు: ఎక్కడ దిగాలి, ఎప్పుడు ఆపాలి

గాలంతో ట్రౌట్ చేపల వేటకు జూన్ చివర గానీ సెప్టెంబరులో గానీ రమ్మని అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో అందరూ చెబుతారు. సెలవులేమో ఆగస్టులోనే దొరుకుతాయి. ఆ నెలలో వెళ్లేవారు నదినీ బసనూ గైడునూ ఎంచుకునేటప్పుడు ముందుగా అడగవలసింది ఒకటే: అక్కడి నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? అక్కడ చాలాచోట్ల పట్టిన చేపను వదిలేస్తారు. వదిలిన చేప సాయంత్రానికి చచ్చి తేలితే ఆ వదలడానికి అర్థం లేదు.

ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు 20 డిగ్రీల సెల్సియస్ (68 ఫారన్‌హీట్) దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. వేడెక్కిన నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేప ఒంటికి కావలసింది మాత్రం పెరుగుతుంది. పైగా గాలానికి చిక్కి పెనుగులాడితే కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. అందుకే మన కళ్ల ముందు తోక ఆడించుకుంటూ వెళ్లిన చేప కూడా కొన్ని గంటల తర్వాత చనిపోవచ్చు. వరుసగా మూడు రోజులు నీటి ఉష్ణోగ్రత 73 ఫారన్‌హీట్‌కు చేరితే, మోంటానా వన్యప్రాణి శాఖ ఆ నదిలో మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి వరకు వేటను నిషేధించవచ్చు. అర్ధరాత్రి వరకు ఎందుకని కొత్తవాళ్లు విసుక్కుంటారు. ఎండ తగ్గి గాలి చల్లబడినా నీళ్లు అంత త్వరగా చల్లబడవు. నది బాగా వేడెక్కేది సాయంత్రం పూటే, చల్లగా ఉండేది తెల్లవారుజామునే.

మొదట మాడిసన్ నది దిగువ భాగం గురించి. దానికి ఎగువన ఉన్న ఎన్నిస్ సరస్సు లోతు తక్కువ కావడంతో ఎండకు ఇట్టే వేడెక్కుతుంది, ఆ నీరే కిందికి వస్తుంది. ఆగస్టు మధ్యాహ్నాల్లో అక్కడ గాలి నింపిన ట్యూబుల మీద తేలుతూ పోయేవాళ్లే ఎక్కువ. ఆ సరదాకు వెళ్లండి, బాగుంటుంది. గాలం మాత్రం కారులోనే ఉంచండి.

మోంటానా సరిహద్దు దాటితే వయోమింగ్ రాష్ట్రంలో, యెల్లోస్టోన్ జాతీయ పార్కులో ఉన్న ఫైర్‌హోల్ నదిని చూడకుండా రావద్దు. వేడినీటి బుగ్గలు నేరుగా అందులోకి పారుతాయి. వేసవిలో పార్కువారు నదుల్లో మధ్యాహ్నం 2 నుంచి మర్నాడు సూర్యోదయం దాకా వేట ఆపించడం మామూలే, కొన్నేళ్లు ఈ ప్రాంతపు నదులను పూర్తిగానే మూసేశారు. నేను అక్కడ గాలం విప్పలేదు, చూడటానికే వెళ్లాను. ఒక చల్లని వాగు నదిలో కలిసేచోట ఒడ్డున కూర్చుంటే, మొదట ఇసుక మీద నీడల్లాంటి చారలే కనిపించాయి. కాసేపటికి అవి ట్రౌట్‌లని తెలిసింది. ఒకదాని పక్కన ఒకటి, ముక్కులన్నీ వాగు వైపే. తోకలు కదలడం లేదు, మొప్పలు మాత్రం గబగబా ఆడుతున్నాయి. ఒక బారెడు పక్కకు జరిగితే వేడినీళ్లు, అక్కడ ఒక్క చేపా లేదు. అలా తలదాచుకున్నవాటి మీద గాలం వేయడం నిబంధనలు అడ్డుపడని రోజున కూడా వేట అనిపించుకోదు. అది నా మాట. కాదనేవాళ్లు నాకు తగిలారు.

ఇక గైడులు. ఇద్దరితో వెళ్లాను, తేడా అంతా పడవ దిగకముందే తెలిసిపోయింది. మొదటాయన ఉదయం 9కి రమ్మన్నాడు, నీళ్ల సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పట్టిన ప్రతి చేపనూ పైకెత్తించి ఫొటో తీయబోయాడు. రెండో గైడు 5:30కే బయలుదేరదీసింది. పడవకు కట్టిన థర్మామీటర్‌ను గంటకోసారి పైకి లాగి చూసింది. సన్న దారం పక్కన పెట్టించి గట్టిది కట్టించింది, చేపను ఎక్కువసేపు ఆడించకుండా త్వరగా దరికి లాగడానికి. కొక్కెం తేలిగ్గా ఊడిరావాలని దాని ఎదురుముల్లును ముందే నొక్కేసింది. రబ్బరు వల, తడి చేతులు, చేప నీళ్లలోనే ఉండగా కొక్కెం తీయడం, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని అదే చేతిలోంచి జారిపోయేదాకా ఆగడం. పదకొండున్నరకు పాదరసం 67 ఫారన్‌హీట్ చూపించగానే తెడ్లు ఒడ్డుకు తిప్పింది. పూర్తి రోజు డబ్బు కట్టిన నేను ఏమంటానోనని కూడా చూడలేదు. మళ్లీ వెళ్తే ఆమె దగ్గరికే.

ఈ పట్టుదల వెనుక ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2016 ఆగస్టులో యెల్లోస్టోన్ నదిలో మూత్రపిండాల జబ్బు సోకి వైట్‌ఫిష్ చేపలు వేల సంఖ్యలో చచ్చాయి. వేడి నీరు, తక్కువ ప్రవాహం దాన్ని మరింత ముదిరించాయి. 183 మైళ్ల నదిని వేటకే కాదు, పడవలకూ మూసేశారు. గైడుల జీవనోపాధి ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయింది.

బసల గురించి చెప్పవలసింది తక్కువే. పార్కులోని మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు కలిసి మాడిసన్ నదిగా మారేచోట ఉంది, తెల్లవారుజామున వేటకు అంతకంటే అనువైనది లేదు. స్నానపు గదులు ఉండవు, ముందుగా బుక్ చేసుకోవాలి. 1904లో పార్కులో తెరిచిన హోటల్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ చూడముచ్చటైన దుంగల భవనం. ఏసీ లేదు, వేటగాడికి అక్కడ పెద్దగా పని లేదు. వెస్ట్ యెల్లోస్టోన్ ఊళ్లో నేను దిగిన మోటెల్‌లో మంచం బాగుంది, కానీ కార్యాలయం తలుపు ఉదయం 7 దాకా తీయరు. తాళం చెవి ఇచ్చి 5కు బయలుదేరేవాడికి అది నరకం.

డబ్బు పెట్టవలసిన చోటు మోంటానాలోని ఫోర్ట్ స్మిత్ అనే చిన్న ఊరు. దాదాపు 160 మీటర్ల ఎత్తున్న యెల్లోటెయిల్ ఆనకట్ట అడుగునుంచి బిగ్‌హార్న్ నది చల్లగా వస్తుంది. ఎండాకాలంలోనూ రోజంతా నిబ్బరంగా వేటాడవచ్చు. లోపం లేకపోలేదు: ఆగస్టులో నీటి నాచు తెగి కొట్టుకొచ్చి ప్రతి విసురుకూ గాలానికి చుట్టుకుంటుంది, పడవల రద్దీ కూడా ఎక్కువే. హోల్టర్ ఆనకట్ట దిగువన క్రెయిగ్ దగ్గర మిస్సోరీ నది కూడా మంచిదే, కానీ మరీ వేడి సంవత్సరాల్లో అక్కడా మధ్యాహ్నపు నిషేధం పడింది.

బుక్ చేసేముందు గైడును రెండు సంగతులు అడగండి: నిషేధం వస్తే సగం రోజుకు డబ్బు తగ్గిస్తారా, వేరే నదికి తీసుకెళ్తారా? అమెరికా భూగర్భ సర్వే సంస్థ (USGS) నదులపై పెట్టిన కొలమాన కేంద్రాలు కొన్ని నీటి ఉష్ణోగ్రతను ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు చూపిస్తాయి. ఎన్నిస్ సరస్సు దిగువన ఉన్నది వాటిలో ఒకటి. బయలుదేరే వారం రోజుల ముందునుంచి దాన్ని గమనిస్తే, ఏ ఊళ్లో గది తీసుకోవాలో మీకే తెలుస్తుంది.