చందా పుస్తకమా, చెగోడీల దుకాణమా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో ఒక బడి పిల్లలు ఆఫ్రికాలోని మలావీ దేశపు పిల్లల బడి భోజనానికి డబ్బు పోగుచేస్తామంటే పెద్దల నోట మొదట వచ్చే మాట ఒకటే: "మన ఉద్దానంలో ఇంతమంది కిడ్నీ రోగులుండగా ఆఫ్రికా ఎందుకండీ?" ఆ మాటలో న్యాయం ఉంది. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు మన ముఖమైనా ఎరగనివాళ్లు సాయం పంపారు. తమ ఊరి కష్టాలన్నీ తీరాకే పంపుదామని వాళ్లు కూర్చోలేదు. ఉద్దానానికి చెయ్యవలసింది చేస్తూనే ఇదీ చెయ్యొచ్చు.

మలావీయే ఎందుకంటే ఆ అవసరం మన పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. అక్కడ 1994 నుంచి ప్రాథమిక చదువుకి ఫీజు లేదు. అయినా కడుపు ఖాళీగా ఉంటే బడికి రావడం కష్టమే. స్కాట్లాండ్‌కి చెందిన మేరీస్ మీల్స్ సంస్థ 2002లో ఆ దేశంలోనే బడి భోజనం మొదలుపెట్టింది. మొక్కజొన్న, సోయా పిండితో కాచిన జావ కప్పుల్లో పోస్తారు. ఈ సంగతి చెప్పగానే ఆరో తరగతి పిల్ల ఒకతె, "ఆళ్లకి గుడ్డెట్టరా మాస్టారూ?" అంది. మధ్యాహ్నం గుడ్డు, చిక్కీ, రాగిజావ ఎరిగిన పిల్ల అడగాల్సిన ప్రశ్నే అది. ఒక బిడ్డకి బడి ఏడాది పొడుగునా జావ పోయడానికి 19 పౌండ్ల పైచిలుకు, అంటే మన డబ్బులో రెండు వేల రూపాయలు దాటి, అవుతుందని 2024లో ఆ సంస్థ లెక్క.

మరి ఆ రెండు వేలు ఎలా రావాలి? పిల్లలచేత చందాలు తెప్పించి పుస్తకంలో రాయాలా, వాళ్లచేతే ఒక రోజు చెగోడీల దుకాణం పెట్టించాలా?

చందా పుస్తకం సులువు. రెండు రోజుల్లో పని తెమిలిపోతుంది, ఖర్చు లేదు, వచ్చిందంతా మిగులే. అయినా నా మనసు దానికి ఒప్పదు. వంద తెచ్చిన పిల్లాడి పేరు, పది తేలేని పిల్లాడి పేరు ఒకే కాగితం మీదకి ఎక్కుతాయి. అమ్మ జీడిపప్పు బట్టీలో కూలికెళ్లే పిల్ల ఆ పుస్తకం చూసి తల దించుకుంటే, ఎక్కడో ఉన్న పేద బిడ్డ కోసం ఇక్కడి పేద బిడ్డని నొప్పించినట్టే. పైగా ఆ డబ్బు నాన్న జేబులోది. పిల్లలు మోసుకొచ్చారంతే.

దుకాణంలో మిగులు తక్కువ. చెగోడీలకి బియ్యప్పిండి, నూనె, గ్యాసు కలిపి 600 పెట్టామనుకోండి, 1,000 అమ్మితే చేతిలో మిగిలేది 400. చాలా బళ్లలో ఆ 600 లెక్కలోకే రాదు, అమ్మలు ఇంటి నూనె పోసి వేయించి పంపేస్తారు. అదీ చందాయే, పుస్తకంలో కనపడదు, అంతే. అందుకే సరుకు ఎవరిచ్చినా దాని ధర కట్టి రాయాలి. చిల్లర సరిచూడటం, అమ్ముడుపోని పొట్లాలు చివరి గంటలో తగ్గించి ఇవ్వాలా వద్దా అని కొట్లాడుకోవడం, బల్ల మీద లెక్క కుదరక రెండోసారి లెక్కపెట్టడం: ఇదంతా పిల్లలే చెయ్యాలి. డబ్బు తేలేని పిల్ల కూడా ఇక్కడ అందరితో సమానంగా నిలబడుతుంది. మిగిలేది తక్కువైనా నా ఓటు దుకాణానికే.

పాత బట్టలు, పుస్తకాలు సేకరించి పంపుదామనేవాళ్లూ ఉంటారు. వద్దు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో పాత బట్టలు గుట్టలుగా పడి ఉండిపోయాయి. మలావీకి సముద్రమే లేదు, రవాణా ఖర్చు సరుకు ధరని మించిపోతుంది.

డబ్బు దాటించే దారి మాత్రం ముందే చూసుకోవాలి. విదేశాలకి విరాళం పంపడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) వెసులుబాటు వ్యక్తులకే, ట్రస్టులకి లేదు. కాబట్టి బడి నడిపే ట్రస్టు ఖాతాలోంచి ఆ దారిన పంపడం కుదరదు. దుకాణం పెట్టకముందే బ్యాంకు మేనేజరుని కలిసి, ఎవరి పేరు మీద పంపాలో, ఏ కాగితాలు కావాలో, ఛార్జీలు ఎంతో కనుక్కోండి. రసీదు రాగానే, ఖర్చుల కాగితంతో సహా నోటీసు బోర్డుకి అంటించండి.

రోజు సంగతి: అరసవల్లి రథసప్తమికి జనం విరగబడి వస్తారని అక్కడ పెట్టాలనిపిస్తుంది. ఆ తొక్కిడిలో పిల్లల చేతికి డబ్బుడబ్బా ఇవ్వకండి. నవంబరు 14న, బడి ఆవరణలోనే పెట్టండి.