నమీబియా చీతా కేంద్రం: కుక్కలనూ మేకలనూ చూడకుండా తిరిగి రాకండి

నమీబియా రాజధాని విండ్‌హూక్‌కు ఉత్తరాన సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఓచివరోంగో పట్టణం ఉంది. అక్కడి నుంచి కంకర రోడ్డు మీద మరో 44 కిలోమీటర్లు వెళితే చీతా కన్జర్వేషన్ ఫండ్ కేంద్రం వస్తుంది. అమెరికన్ జీవశాస్త్రవేత్త లారీ మార్కర్ 1990లో నెలకొల్పిన ఈ సంస్థ తన పరిశోధన ఆవరణను సందర్శకులకు కూడా తెరిచి ఉంచింది.

చాలామంది ఇక్కడికి చీతా పరుగు చూడడానికే వస్తారు. యంత్రం ఈడ్చుకెళ్లే గుడ్డపీలిక వెంట చీతాలు దూసుకుపోవడం నిజంగా అద్భుతమైన దృశ్యం. అయితే అవి చాలావరకు కూనలుగా ఉన్నప్పుడే తల్లిని కోల్పోయిన జంతువులు. వేట తల్లి వద్దే నేర్చుకోవాలి కనుక, ఆ అవకాశం దక్కనివాటిని అడవిలో వదలడం కష్టం. ఆ పరుగు వాటికి వ్యాయామం. చీతాలను నిమరడానికి గానీ, పక్కన నిలబడి ఫోటో దిగడానికి గానీ సందర్శకులను అనుమతించరు. కూనను ఎత్తుకోవాలనే ముచ్చటే సోమాలియా ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు సాగే కూనల అక్రమ రవాణాను బతికిస్తోంది కాబట్టి, ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

నా దృష్టిలో ఈ కేంద్రానికి ప్రాణం కుక్కల విభాగం. సింహాలూ హైనాలూ ఎక్కువగా ఉండే అభయారణ్యాలలో చీతా నెగ్గుకురాలేదు. అందుకే నమీబియా చీతాలలో అధికభాగం పశువుల క్షేత్రాలలోనే బతుకుతున్నాయి. పైగా అది పగటిపూట వేటాడుతుంది కాబట్టి రైతు కంట సులభంగా పడుతుంది, రాత్రి మరో జంతువు చేసిన నష్టానికి కూడా నింద మోస్తుంది. 1980లలో ఆ దేశపు రైతులు వేల సంఖ్యలో చీతాలను చంపారు లేదా పట్టి తరలించారు. దీనికి విరుగుడుగా 1994 నుంచి ఈ సంస్థ టర్కీ మూలాలున్న అనటోలియన్ షెపర్డ్, కంగల్ జాతి కుక్కలను పెంచి రైతులకు ఇస్తోంది. చిన్న వయసులోనే మందలో వదిలిన కుక్కపిల్ల మేకలనే తన కుటుంబంగా భావిస్తుంది, పెద్దయ్యాక మందకూ ఆగంతక జంతువుకూ మధ్య నిలబడి గట్టిగా మొరుగుతుంది. కాలికి గాయమైతే వేట సాగదు కనుక చీతా తలపడకుండా తప్పుకుంటుంది. ఇలా మేకా, చీతా రెండూ దక్కుతాయి. కుక్కల వద్ద ఈ వివరణ వింటే, రైతును శత్రువుగా చూపే ప్రచారాలన్నీ ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

మ్యూజియం చిన్నదైనా తప్పక చూడదగినది. ప్రపంచంలో స్వేచ్ఛగా తిరిగే చీతాలు సుమారు 7,000 మాత్రమే మిగిలాయి. ఒకప్పటి ఆవాసంలో దాదాపు తొమ్మిది శాతంలోనే అవి ఉన్నాయి. చీతా వేటకు అడ్డుపడేలా మైదానాలను కమ్మేస్తున్న ముళ్లపొదలను నరికి, బుష్‌బ్లాక్ అనే వంటచెరకు దిమ్మెలుగా మార్చే పని గురించి కూడా ఇక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కునోకు నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తరలించడంలో ఈ సంస్థ పాలుపంచుకుంది. కునో చుట్టూ కూడా పల్లెలూ పశువుల మందలూ ఉన్నాయి కాబట్టి, భారతీయ సందర్శకులు పరుగు చూసి వెళ్లిపోకుండా రోజంతా కేటాయించి, ముందుగా కుక్కలనూ, మేకలను పెంచే ఇక్కడి నమూనా క్షేత్రాన్నీ చూడాలని నా సూచన.