పాత లారీ కొనేవారికి హెచ్చరిక: ఏబీఎస్ దీపం ఆరిపోయిందని మురిసిపోకండి

పాత లారీ గాని, ట్రైలరు గాని కొనే ఆలోచనలో ఉన్న మన గోదావరి జిల్లాల వారందరూ బేరం కుదుర్చుకునే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. డ్యాష్‌బోర్డు మీద ఏ హెచ్చరిక దీపమూ వెలగడం లేదన్న ధైర్యంతో నేను ఒక పది చక్రాల బండిని కొన్నాను. ఆ దీపాలలో ఒకటైన ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు) దీపం లోపం ఉన్నా వెలగకుండా కావాలనే ఏర్పాటు చేశారన్న సంగతి, బండి వర్షంలో అడ్డం తిరిగి కాలువ గట్టు దాకా జారిన తరువాత గాని నాకు తెలియలేదు.

గత ఏడాది సార్వా కోతలకు కొంచెం ముందు, పాత బండ్లు అమ్మిపెట్టే ఒక బ్రోకరు దగ్గర 2017 మోడల్ లారీని చూశాను. కొత్త రంగు, కొత్త టార్పాలిన్, క్యాబిన్‌లో కొత్త సీటు కవర్లు ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట అప్పుడు గుర్తుకు రాలేదు. మన దేశంలో 12 టన్నులు దాటిన కొత్త సరుకు లారీలకు 2015 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఈ బండికి అది ఉండి తీరాలని మాత్రం నాకు తెలుసు. అదే మాట అడిగితే, బ్రోకరు నా కళ్ల ముందే కీ తిప్పి, పసుపు రంగులో వెలిగిన ఏబీఎస్ గుర్తును చూపించి, వెంటనే సెల్ఫ్ కొట్టాడు. ఇంజను అందుకోగానే ఆ దీపం ఆరిపోయింది. "చూశారు కదండీ, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నాడు. నేను తల ఊపాను. నా పొరపాటంతా అక్కడే ఉంది.

అసలు ఆ దీపం ఎలా ప్రవర్తించాలో ముందు చెబుతాను. సెన్సారు పెట్టిన ప్రతి చక్రం హబ్బు దగ్గర పళ్లున్న ఒక రింగు, దానికి ఆనుకునేంత దగ్గరలో ఒక సెన్సారు ఉంటాయి. బరువు బండ్లలో ఆ రింగుకు సాధారణంగా 100 పళ్లు ఉంటాయి. ఆ పళ్లు సెన్సారు ముందు నుంచి కదిలిపోతున్నప్పుడు పుట్టే సన్నని కరెంటును బట్టి ఈసీయూ అనే పెట్టె ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో లెక్క వేస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం మిగతావాటి కంటే ముందే బిగుసుకుపోబోతే, ఆ చక్రానికి వెళ్లే గాలిని మాడ్యులేటరు వాల్వు క్షణంలో కొంత వదిలి మళ్లీ పట్టిస్తుంది, సెకనులో కొన్నిసార్లు అలా చేస్తూ చక్రాన్ని తిరగనిస్తుంది. ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. వెనుక చక్రాలు బిగుసుకుపోతే వెనుక భాగం పక్కకు కొట్టుకొస్తుంది. ట్రైలరు బండిలో గుర్రం (ట్రైలరును లాగే ముందు బండి) తాలూకు వెనుక చక్రాలు బిగుసుకుపోతే గుర్రమూ ట్రైలరూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. ఈ మూడింటినీ ఆపడమే ఏబీఎస్ పని. అది ఉంటే బండి ప్రతిసారీ తక్కువ దూరంలో ఆగుతుందని కొందరు అనుకుంటారు గాని, దళ్వా కోతల రోజుల్లో మన రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం వంటి వదులు పొర మీద ఆగే దూరం పెరిగినా పెరగవచ్చు. బండి మాత్రం డ్రైవరు తిప్పిన వైపుకు వెళుతుంది.

కీ ఆన్ చేసినప్పుడు ఈసీయూ తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ సమయంలో దీపం వెలుగుతుంది. లోపం లేకపోతే రెండు మూడు సెకన్లలో తనంతట తానే ఆరిపోతుంది. కొన్ని బండ్లలో, ముఖ్యంగా అంతకుముందు సెన్సారు లోపం నమోదై ఉంటే, బండి కదిలి సుమారు 7 కిలోమీటర్ల వేగం దాటి, సెన్సార్లన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిన తరువాత ఆరుతుంది. ఈ రెండు సందర్భాలలోనూ దీపం ఆరడానికి, ఇంజను స్టార్టు కావడానికి ఏ సంబంధమూ లేదు. ఇంజను స్టార్టయితే ఆరిపోయేవి ఆయిలు ప్రెషరు దీపం, బ్యాటరీ ఛార్జింగు దీపం. ఏబీఎస్ దీపం కూడా సరిగ్గా వాటితో పాటే, అదే క్షణంలో ఆరుతూ ఉంటే, దాని తీగను ఈసీయూ నుంచి తప్పించి వాటిలో ఒకదానికి కలిపారని అనుమానించాలి. నా బండిలో జరిగింది అదే.

జరిగిన రోజున కొబ్బరికాయలు దింపి, ఖాళీ బండితో తిరిగి వస్తున్నాము. ఖాళీ బండికి వెనుక ఇరుసు మీద బరువు ఉండదు కాబట్టి బ్రేకు తొక్కగానే వెనుక చక్రాలు ముందుగా బిగుస్తాయని డ్రైవర్లందరికీ తెలుసు. సిద్ధాంతం ఊరి దగ్గరి గోదావరి వంతెన ఇంకా రాకముందే, వానలో, ఒక మోపెడ్ పక్క దారి నుంచి రోడ్డెక్కింది. మా డ్రైవరు బలంగా తొక్కాడు. వెనుక చక్రాలు నాలుగు జతలూ ఒక్కసారిగా ఆగిపోయి, బండి వెనుక భాగం ఎడమ వైపుకు జారి, రోడ్డు అంచు దాటి గట్టు మట్టిలో దిగబడి ఆగింది. మోపెడ్ మీద ఉన్న పెద్దాయనకు ఏమీ కాలేదు, మాకూ ఏమీ కాలేదు. కాలువకు మూడు గజాల దూరం మిగిలింది. మొదట టైర్లనే తప్పు పట్టాము. టైర్లు బాగానే ఉన్నాయి. "ఏబీఎస్ పనిచేసి ఉంటే టైరు గుర్తులు ఇంత నల్లగా, ఇంత పొడవుగా పడవు మావయ్యా" అని మా మేనల్లుడు అన్న తరువాత గాని నాకు అనుమానం రాలేదు.

బండ్ల ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు విప్పి చూశాడు. ఏబీఎస్ దీపం తాలూకు తీగను ఈసీయూ వైపు కత్తిరించి, ఛార్జింగు దీపం తీగకు ముడివేసి, నీలం టేపు చుట్టారు. ఈసీయూకు కరెంటు ఇచ్చే ఫ్యూజు అసలు లేదు. సాధారణంగా ఈసీయూకు కరెంటు అందకపోతే దీపం వెలిగే ఉంటుంది; తీగ మార్చింది అందుకే. కిందకు దిగి చూస్తే నాలుగు సెన్సార్లలో రెండు హబ్బులో లేవు. ఎప్పుడో గ్రీజు పెట్టడానికి హబ్బు విప్పినప్పుడు బయటకు లాగి, తిరిగి పెట్టకుండా ఇరుసుకు కట్టివదిలేశారు. మూడవది హబ్బులోనే ఉన్నా, దాని రింగు తుప్పు పట్టి పళ్లు పెచ్చులుగా లేచాయి. ఈ బండి అంతకుముందు చేపల లోడ్లకు తిరిగిందని ఆ తుప్పును చూసే ఎలక్ట్రీషియన్ చెప్పాడు. భీమవరం వైపు నుంచి ఐసులో వెళ్లే చేపలు, రొయ్యల బండ్ల కింద ఉప్పు కలిసిన నీరు కారుతూనే ఉంటుంది గనుక, అటువంటి బండిని కొనేవారు హబ్బుల లోపలి వైపును ప్రత్యేకంగా చూడాలి.

సెన్సార్లు, ఒక రింగు, వైరింగు, కూలీ అన్నీ కలిపి నాకు 38 వేల రూపాయలు అయ్యాయి. బండి వారం రోజులు షెడ్డులోనే ఉండిపోయింది.

బ్రోకరును అడిగితే మొదట, "ఆయ్, కొద్ది దూరం నడిపితే అదే సర్దుకుంటుందండి" అన్నాడు. ఇది సగం నిజం కాబట్టే ప్రమాదకరమైన మాట. సెన్సారు బాగు చేసిన తరువాత దీపం ఆరడానికి బండిని కొంత నడపవలసిన మాట వాస్తవమే గాని, ఫ్యూజే లేని ఈసీయూ వెయ్యి కిలోమీటర్లు నడిపినా మేలుకోదు. ఆ తరువాత, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉన్న బండి కదా అన్నాడు. కాగితం నిజమైనదే. ఎనిమిదేళ్లు నిండని సరుకు బండికి రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. రెండు ఎఫ్‌సీల మధ్య ఎవరు ఏ తీగను కత్తిరించారో ఆ కాగితం చెప్పదు. చివరికి, "సెకండ్ హ్యాండ్ బండంటే అంతేనండి" అన్నాడు. ఇక మాట్లాడితే గోడకు చెప్పుకున్నట్టే.

మీరు బండి చూడడానికి వెళ్లినప్పుడు కీని అమ్మేవారి చేతికి ఇవ్వకండి. ముందు ఇంజను నడిపి గాలి నిండనివ్వండి, తరువాత కీ పూర్తిగా ఆపి కొద్దిసేపు ఆగండి. బ్రేకు తొక్కి పట్టుకుని, సెల్ఫ్ కొట్టకుండా, కీని ఆన్‌లో మాత్రమే ఉంచండి. ఆయిలు, ఛార్జింగు దీపాలు వెలుగుతూనే ఉండగా ఏబీఎస్ దీపం ఒక్కటే ఆరిపోతే మంచిదే. దానితో పాటు చాలా బండ్లలో చక్రాల దగ్గర మాడ్యులేటరు వాల్వులు వరుసగా "టిక్, టిక్" అనడమో, "పుస్, పుస్" మని గాలి వదలడమో వినిపిస్తుంది. ఒక మనిషిని కింద నిలబెట్టి వినమనండి. దీపం ఆరకుండా ఉంటే సెల్ఫ్ కొట్టి, బండిని ఖాళీ రోడ్డు మీద కొద్ది దూరం నడిపి చూడండి. అప్పటికీ ఆరకపోతే లోపం ఉన్నట్టే. దీపం ఆరి, నడుస్తుండగా మళ్లీ వెలిగితే సెన్సారు రింగుకు దూరంగా జరిగి ఉండవచ్చు, హబ్బు బేరింగు వదులై ఉండవచ్చు. కీ తిప్పినప్పుడు అసలు వెలగనే వెలగకపోతే, దాన్ని మంచి గుర్తుగా తీసుకోకండి. బల్బు పీకేసి ఉండవచ్చు, దాని మీద నల్ల టేపు అంటించి ఉండవచ్చు.

పసుపు ఏబీఎస్ దీపం వెలిగిందంటే బ్రేకులు పోయాయని కాదు. మామూలు గాలి బ్రేకు పనిచేస్తుంది, చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు మాత్రమే ఉండదు. గాలి తగ్గినప్పుడు బజరుతో వచ్చే ఎర్ర హెచ్చరిక వేరు. దానికి బండి ఆపి తీరాలి.

ట్రైలరు కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. ట్రైలరు ఏబీఎస్‌కు కరెంటు లైట్ల ప్లగ్గు నుంచి కాకుండా వేరే ప్లగ్గు ద్వారా వచ్చే బండ్లలో, డ్రైవర్లు తొందరలో లైట్ల ప్లగ్గు పెట్టి ఏబీఎస్ ప్లగ్గును వదిలేస్తుంటారు. అందువల్ల రెండూ తగిలించిన తరువాతే పరీక్షించాలి. క్యాబిన్‌లో ట్రైలరు కోసం రెండవ ఏబీఎస్ దీపం ఉంటే అదీ వెలిగి ఆరాలి. అమెరికాలో 1998 మార్చి నుంచి తయారైన గాలి బ్రేకు ట్రైలర్లకు వెనుక ఎడమ వైపు బయటే పసుపు దీపం పెట్టాలన్న నిబంధన ఉంది. దారిన పోయేవాడికి కూడా లోపం కనబడుతుంది. మన దగ్గర కనబడేది డ్రైవరు ముందున్న దీపమే కాబట్టి దాన్ని మార్చడానికి ఇంత ఉబలాటం.

బండి కొన్న కాగితం మీద "ఏబీఎస్ పనిచేయు స్థితిలో ఉన్నది" అన్న ఒక్క వాక్యం నేను రాయించుకోలేదు. ఒకే బండితో స్వయంగా బతుకు వెళ్లదీసుకునేవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చని మా వకీలు గారు చెప్పారు. నేను ఆ పనిలోనే ఉన్నాను. మొన్న అటు వెళ్లినప్పుడు ఆ బ్రోకరు ఆవరణలో కొత్త రంగుతో మరో రెండు పది చక్రాల బండ్లు కనిపించాయి. ఎక్కడ బేరమాడినా సరే, డ్యాష్‌బోర్డు కిందకు టార్చి వేసి నీలం టేపు చుట్టిన ముడి ఏదైనా ఉందేమో చూడండి.