పాలిష్ అయ్యాక ఆ ఒక్క తుడుపు: నాలుగు దసరాలు చేశాక నా మాట

కారుకి పాలిష్ కొట్టాక, పెయింట్‌ని కాపాడే పొరగా సీలెంటో వ్యాక్సో రాసే ముందు ఆల్కహాల్ కలిపిన నీళ్లతో బాడీ అంతా ఒకసారి తుడవాలి అంటారు కదా, 2021 వరకు నేను దాన్ని డీటెయిలింగ్ షాపుల వాళ్ల హడావిడి కిందే జమకట్టాను. పాలిష్ అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిస్తే అద్దంలా మెరుస్తోంది, ఇంకా తుడిచేదేముంది అనుకునేవాణ్ని. ఇప్పుడు అదే తుడుపు గురించి సమీక్ష రాస్తున్నాను. నాది ముదురు నీలం రంగు స్విఫ్ట్, 2018 మోడల్, ఉండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్ పార్కింగ్, బోరు నీళ్లు. ఏటా దసరాకి ముందు వారం మెషీన్‌తో పాలిష్ చేసుకుంటాను, ఎలాగూ ఆయుధ పూజకి బండి మెరవాల్సిందే కాబట్టి. అలా నాలుగు దసరాలు అయ్యాయి.

మొదటి ఏడాది చేసిన పని ఒకటే నా అభిప్రాయం మార్చింది. బానెట్ మధ్యలో పై నుంచి కింద దాకా మాస్కింగ్ టేప్ వేశాను. రెండు సగాలకీ ఒకే పాలిష్, ఒకే ప్యాడ్. ఎడమ సగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచాను, కుడి సగాన్ని ఉత్త మైక్రోఫైబర్‌తో. తర్వాత రెండింటికీ ఒకే సింథటిక్ సీలెంట్ రాశాను. మర్నాడు చూస్తే నిజం చెప్పాలంటే కుడివైపే, అంటే తుడవని వైపే, కాస్త ఎక్కువ మెరుస్తోంది! డబ్బులూ టైమూ దండగ అనుకున్నాను. నెల తిరక్కుండానే ఒక రాత్రి పెట్రోల్ బంకులో లైట్ల కింద నిలబడి చూస్తే కుడి సగం నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు. అవి కొత్తగా పడ్డవి కావు, మొదటి నుంచీ ఉన్నవే. ఎడమవైపు మాత్రం పాలిష్ చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. సంక్రాంతికి వచ్చేసరికి కుడివైపు నీళ్లు పోస్తే చాపలా పరుచుకుంటున్నాయి, అంటే సీలెంట్ పోయినట్టే, ఎడమవైపు ఇంకా గుండ్రంగా పూసల్లా జారుతున్నాయి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పాలిష్‌లో రాపిడి పొడితో పాటు ప్యాడ్ సాఫీగా తిరగడానికి నూనెలుంటాయి. ఆ నూనె సన్న గీతల్లోకి దిగి కూర్చుంటే వెలుతురు చెదరదు, గీత కనపడదు. మనం గీత పోయింది అనుకుంటాం, అది నూనె కింద దాక్కుని ఉంటుంది. నాలుగు వాషింగులకి నూనె పోతుంది, గీత బయటపడుతుంది. సీలెంట్ సంగతీ అంతే, అది పెయింట్‌ని పట్టుకోవాలి, మధ్యలో నూనె పొర ఉంటే ఆ నూనెని పట్టుకుంటుంది, నూనెతో పాటే పోతుంది. జిడ్డు గోడకి సున్నం వేస్తే పట్టనట్టు.

ఇక్కడ నాకొచ్చిన అభిప్రాయం ఒకటి చెప్పాలి, చాలామంది ఒప్పుకోరని తెలుసు. ఈ తుడుపు అసలు లాభం సీలెంట్ ఎక్కువ రోజులు నిలవడం కాదు, మన పాలిషింగ్ ఎంత బాగా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పడం. రెండో ఏడాది సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకి బండంతా పాలిష్ అయిపోయిందని సంబరపడి, తుడుపు మొదలుపెట్టి డ్రైవర్ డోర్ దగ్గరికొచ్చి ఫోన్ టార్చ్ వేస్తే గుండె జారిపోయింది. తుడవక ముందు నున్నగా ఉన్న చోట, ఆల్కహాల్ ఆరిన మరుక్షణం గీతలన్నీ తేలాయి, పైగా ప్యాడ్ వదిలిన సన్నటి మసక కూడా. మళ్లీ మెషీన్ ఆన్ చేశాను. పైనుంచి మా ఆవిడ ఫోన్. "ఏవండీ, పదకొండయింది, ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ వాళ్లు పడుకుంటారు, ఆ గిర్రుమనే చప్పుడు ఆపండి." ఆపాను, ఆ డోర్ మర్నాడు పొద్దున్నే చేశాను. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. ముందు ఒక జానెడు చోట మాత్రమే పాలిష్ చేస్తాను, తుడుస్తాను, టార్చ్ వేసి చూస్తాను, నచ్చితేనే అదే ప్యాడ్, అదే పాలిష్‌తో మిగతా బండి చేస్తాను. బండంతా అయ్యాక చూసి ఏడవడం కంటే ఇది నయం.

ఇక మిశ్రమం సంగతి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నేను కోఠి గుజరాతీ గల్లీలో కొంటాను, సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్ముతారు కదా, అదే. 150 మిల్లీలీటర్లు అది, 850 డిస్టిల్డ్ వాటర్, అంటే ఇంచుమించు 15 శాతం. బ్యాటరీ షాపులో దొరికే క్యాన్ నీళ్లు చాలు. బోరు నీళ్లు మాత్రం కలపొద్దు, మా నీళ్లయితే ఆరగానే తెల్ల చుక్కలు వదుల్తాయి, అప్పుడు నూనె తీసి ఉప్పు పెట్టినట్టవుతుంది. 70 శాతంది దొరికితే లీటరుకి 215 మిల్లీలీటర్లు పడుతుంది, మిగతాది నీళ్లు. ఎక్కువ చిక్కగా ఉంటే బాగా పనిచేస్తుందనుకోవడం తప్పు. నేను ఆ తప్పు చేశాను, నీళ్లు కలపకుండా ఒకసారి డోర్ మీద కొట్టాను. గుడ్డ పెట్టేలోపే ఆవిరైపోయింది, పెయింట్ ఎండిపోయి గుడ్డ జారకుండా పట్టేసి కిచ్‌కిచ్‌మంది, అప్పుడే పాలిష్ చేసిన క్లియర్ కోట్ మీద, అంటే రంగు పైన ఉండే పారదర్శక పొర మీద, నేనే కొత్త గీతలు వేశాను. ఆ నీళ్లు ఉండేది పలచన చేయడానికే కాదు, గుడ్డ జారడానికి కూడా.

కరోనా టైమ్‌లో ఇంటి నిండా శానిటైజర్ డబ్బాలు మిగిలిపోయాయి. మా బావమరిది సలహా ఏంటంటే, "ఆల్కహాలే కదా బావా, ఏదైతే ఏంటి? దాంతోనే తుడిచెయ్." తుడిచాం, ఇద్దరం కలిసి, టెయిల్‌గేట్ అంతా. ఆరాక జిడ్డు జిడ్డుగా మబ్బు పట్టినట్టు తయారైంది. చేతులు పగలకుండా శానిటైజర్‌లో గ్లిజరిన్ కలుపుతారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలోనే 1.45 శాతం ఉంటుంది. నూనె తీయడానికి పోయి ఇంకో జిడ్డు పూశామన్నమాట. మళ్లీ షాంపూతో కడగాల్సి వచ్చింది. వాడు ఆ పూట టిఫిన్‌కి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

తుడిచే తీరు గురించి కాస్త. ఒక్కో ప్యానెల్‌లో సగం మాత్రమే తీసుకుంటాను. గుడ్డ మీద కొంచెం, పెయింట్ మీద రెండు మూడు స్ప్రేలు, పది సెకన్లు ఆగి, ఒత్తకుండా ఒకే దిక్కుకి తుడిచి, వెంటనే రెండో పొడి గుడ్డతో మళ్లీ. గుడ్డని ఎనిమిది మడతలు వేసి ప్రతి ప్యానెల్‌కీ ముఖం మారుస్తాను, లేకపోతే బానెట్ మీద తీసిన నూనెని తీసుకెళ్లి ఫెండర్‌కి పూసినట్టే. నూనె ఇంకా ఉంటే ఏటవాలుగా చూసినప్పుడు ఇంద్రధనుస్సు రంగుల్లో సన్న పొర కనిపిస్తుంది, అక్కడ రెండోసారి. పెయింట్ చల్లగా ఉండాలి, ఎండలో వద్దే వద్దు. ఇది తేలిగ్గా అంటుకునే సరుకని కూడా మర్చిపోవద్దు. నేను 99 శాతం సీసా మూత తీసి కలుపుతుంటే వాచ్‌మన్ బీడీ కాలుస్తూ చూడ్డానికొచ్చాడు. "అన్నా, ముందు అది ఆర్పేసి రా" అని అరిచినంత పని చేశాను.

మూడో ఏడాది ఎంత తుడిచినా చారలు పోలేదు. మిశ్రమాన్ని అనుమానించాను, పాలిష్‌ని అనుమానించాను, చివరికి తేలిందేంటంటే నా మైక్రోఫైబర్ గుడ్డల్ని ఇంట్లో మామూలు బట్టలతో పాటు వాషింగ్ మెషీన్‌లో వేసి, సువాసన వచ్చే ఫ్యాబ్రిక్ కండిషనర్ పోశారు. అది పోగుల మీద పొరలా అంటుకుంటుంది. ఇప్పుడు నా గుడ్డలకి వేరే బకెట్, దాని మీద మార్కర్‌తో "కారువి" అని రాసి ఉంటుంది.

రెడీమేడ్‌గా దొరికే వాటిలో కార్‌ప్రో ఎరేజర్ ఒక బాటిల్ పూర్తిగా వాడాను. అది బాగుంది, అబద్ధం చెప్పను. ఇంటి మిశ్రమం కంటే గుడ్డ సాఫీగా జారుతుంది, గుడ్డ రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు తగ్గిస్తుంది కాబట్టి తుడిచిన వెంటనే దుమ్ము ఎగిరొచ్చి అతుక్కోదు, మన ఊళ్లో పక్కన ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ కడుతూనే ఉంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నల్ల బండి అయినా, మెత్తటి పెయింట్ అయినా, సిరామిక్ కోటింగ్ వేస్తున్నా దానికే డబ్బు పెట్టండి. నాలాగా ఏడాదికొకసారి సీలెంట్ వేసుకునేవాళ్లకి ఇంటి మిశ్రమం సరిపోతుంది, ఒక లీటరు ఆల్కహాల్‌తో ఆరు లీటర్లకి పైగా తయారవుతుంది, ఖర్చు పోలికే లేదు.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. 2023లో సీలెంట్ పక్కన పెట్టి కాలినైట్ 845 వాడాను. కరెంటు స్తంభాల మీద ఉండే ఇన్సులేటర్ల కోసం పుట్టిన వ్యాక్స్ అని దానికి ఇన్సులేటర్ వ్యాక్స్ అని పేరు, చలికి సీసాలో గడ్డకడితే వేడి నీళ్లలో పెట్టి కదపాలి. దాంతో కూడా బానెట్ సగం సగం చేసి చూశాను. ఉగాది దాకా నీళ్లు జారడంలో రెండు వైపులకీ తేడా నా కంటికి కనపడలేదు. వ్యాక్స్ నూనెతో పెద్దగా పేచీ పెట్టుకోదు, దాని సాల్వెంటే కొంత తుడుస్తుంది. గీతలు బయటపడటం మాత్రం మామూలే, తుడవని వైపు అవి వచ్చాయి. ఇక పాలిష్, వ్యాక్స్ ఒకే సీసాలో ఉండే క్లీనర్ వ్యాక్స్ వాడేవాళ్లు తుడిస్తే రాసిందే పోతుంది, వాళ్లు దీని జోలికే రావొద్దు.

కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్ మీద మాత్రం ఆగండి. వెనక బంపర్ ఒక వర్క్‌షాప్‌లో రీపెయింట్ చేయించి, పది రోజులకే ఉత్సాహం ఆపుకోలేక దానికీ పాలిష్ కొట్టి, ఆల్కహాల్ తుడుపూ పెట్టాను, అదీ అప్పట్లో సగానికి సగం కలిపిన ఘాటు మిశ్రమం. అరచేయంత మేర మెరుపు చచ్చి పాలిపోయింది. వర్క్‌షాప్ అతను చూసి నవ్వి, "పెయింట్ ఇంకా లోపల ఆరనే లేదు సార్, రెండు మూడు నెలలు ముట్టుకోకండి" అన్నాడు. తప్పు నాదే కాబట్టి మాట్లాడకుండా డబ్బులిచ్చి మళ్లీ చేయించుకున్నాను.

తుడిచాక ఇంకేం చేయకూడదో కూడా అనుభవం మీదే తెలిసింది. చేత్తో తాకకూడదు, ఎంత నున్నగా ఉందో చూద్దామని వేళ్లు పెడితే మళ్లీ జిడ్డే. రాత్రంతా వదిలేసి పొద్దున సీలెంట్ రాద్దాం అనుకోకూడదు, దుమ్ము పట్టేస్తుంది, అదే పూట రాసేయాలి. రాశాక నా సీలెంట్ సీసా మీద పన్నెండు గంటలు తడి తగలనివ్వొద్దని ఉంది. 2022లో ఆ పన్నెండు గంటలూ గడవకుండానే దసరా పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చి, తడిపిన పసుపూ గంధమూ కుంకుమా బానెట్ నడిమధ్యన, నేను అన్నిటికంటే శ్రద్ధగా తుడిచిన చోట, నిండుగా పెట్టేసింది. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, గుడికి వెళ్లి వచ్చేసరికి ఎండకి అది ఎండి, కడిగితే బొట్టు పోయింది గానీ గుండ్రటి నీడ మిగిలింది. మళ్లీ పాలిష్, మళ్లీ తుడుపు, ఆ చోటికే. నిరుడు ముందే బతిమాలాను, అమ్మా, ఈసారి బొట్టు అద్దం మీద పెట్టవే అని. "అద్దానికి బొట్టేంట్రా, బండికి పెట్టాలి గానీ" అంది. చివరికి నంబర్ ప్లేట్ దగ్గర రాజీ కుదిరింది.